టైమ్ చదవడం వేరు, టైమ్‌కి లేవడం వేరు: లినక్స్ టైమర్ కోడ్ అన్ని ప్రాసెసర్లకూ ఒకటైన తీరు

కొత్త బోర్డు మీద లినక్స్ కెర్నెల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌ను నడిపే మూలభాగాన్ని) మొదటిసారి బూట్ చేసే టీమ్‌లకు, హైదరాబాద్‌లోనైనా షెన్‌జెన్‌లోనైనా, ఒక ఇబ్బంది బాగా పరిచయం. సీరియల్ కన్సోల్ మీద మెసేజ్‌లు వరసగా పడుతుంటాయి. డిలే లూప్‌ను లెక్కకడుతున్నట్టు ఒక లైను వస్తుంది. ఆ తర్వాత ఇంకేమీ రాదు. కెర్నెల్ క్రాష్ కాలేదు. టైమర్ ఇంటరప్ట్, అంటే చేస్తున్న పని ఆపి తన వైపు చూడమని టైమర్ ప్రాసెసర్‌కు ఇచ్చే సంకేతం, వస్తే లెక్క మొదలుపెడదామని చూస్తోంది. ఆ ఇంటరప్ట్ రాకపోతే ఎంతసేపైనా అలాగే ఉంటుంది.

ఒక ప్రాసెస్‌ను ఆపి మరోదానికి సీపీయూ ఇవ్వాలన్నా, జవాబు రాని నెట్‌వర్క్ ప్యాకెట్‌ను మళ్లీ పంపాలన్నా, ఫైలు మీద తేదీ వేయాలన్నా కెర్నెల్‌కు టైమ్ తెలియాలి. ఆ టైమ్ ఇచ్చే హార్డ్‌వేర్ మాత్రం ఒక్కో ప్రాసెసర్ కుటుంబంలో ఒక్కోలా ఉంటుంది. ఒకటి పైకి లెక్కిస్తుంది, ఇంకొకటి కిందికి. ఒకదాని వెడల్పు 64 బిట్లు, మరోదానిది 24. కొన్ని ప్రాసెసర్ నిద్రపోగానే తామూ ఆగిపోతాయి. 1991లో ఇంటెల్ 386 కోసం మొదలైన లినక్స్, ఈ తేడాలన్నిటినీ ఒకే కోడ్‌తో మోయగలిగే స్థితికి రావడానికి పదిహేనేళ్లు పట్టింది. హార్డ్‌వేర్ రకరకాలుగా ఉండటం అందుకు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, టైమర్ అంటే ఒకే వస్తువు అనుకోవడం. ఆ వస్తువును రెండుగా విడగొట్టి, హార్డ్‌వేర్ లోపాలను దాచకుండా ఇంటర్‌ఫేస్‌లోనే చెప్పించడం మొదలుపెట్టాకే దారి దొరికింది.

మొదటి డిజైన్ చాలా చిన్నది. పీసీల్లో ఇంటెల్ 8253, తర్వాత 8254 అనే టైమర్ చిప్ ఉండేది. దాని వేగం సెకనుకు సుమారు 11,93,182 లెక్కలు. ఈ వింత సంఖ్యకు మూలం 1981 నాటి ఐబీఎం పీసీలోని 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. అమెరికన్ కలర్ టీవీ సిగ్నల్‌లోని రంగుల ఫ్రీక్వెన్సీకి అది సరిగ్గా 4 రెట్లు. దాన్ని 12తో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. సెకనుకు 100 సార్లు ఇంటరప్ట్ ఇవ్వమని కెర్నెల్ ఆ చిప్‌కు చెప్పేది. ప్రతి ఇంటరప్ట్‌కూ జిఫీస్ అనే వేరియబుల్‌కు ఒకటి, గడియారానికి 10 మిల్లీసెకన్లు కలిపేది. నిద్రలో ఉన్న పనుల్లో ఎవరి టైమ్ అయిందో కూడా అప్పుడే చూసేది. అంటే టైమ్ ఎంతయిందో తెలుసుకోవడం, టైమ్‌కి లేపడం రెండూ క్రమం తప్పకుండా వచ్చే ఆ ఒక్క ఇంటరప్ట్, అంటే టిక్ పనే.

డీఈసీ కంపెనీ 64 బిట్ ప్రాసెసర్ ఆల్ఫా మీద నడిచేలా లినక్స్‌ను మార్చినప్పుడు, అంటే పోర్ట్ చేసినప్పుడు, అక్కడ సెకనుకు 1024 టిక్‌లు పెట్టుకున్నారు. దాంతో సెకనుకు ఎన్ని టిక్‌లో చెప్పే హెచ్‌జెడ్ అనే స్థిరాంకం ఆర్కిటెక్చర్‌ను (ప్రాసెసర్ కుటుంబాన్ని) బట్టి మారే విలువ అయింది. డ్రైవర్లో (ఒక పరికరాన్ని నడిపే కోడ్‌లో) ఎవరైనా 10 జిఫీలు ఆగమని రాస్తే 386 మీద అది 100 మిల్లీసెకన్లు, ఆల్ఫా మీద 10 కంటే తక్కువ. కోడ్ రెండుచోట్లా కంపైల్ అవుతుంది, ఒకచోటే పనిచేస్తుంది. కెర్నెల్ 2.5 సిరీస్‌లో పీసీలకు కూడా హెచ్‌జెడ్‌ను 1000కి పెంచినప్పుడు యూజర్ ప్రోగ్రాముల సమస్య ఎదురైంది. 100 అనే సంఖ్యను అవి ఎప్పుడో లోపల రాసేసుకున్నాయి. అందుకే కెర్నెల్ లోపల ఎంత ఉన్నా బయటికి మాత్రం 100 లెక్కన మార్చి చెప్పే యూజర్ హెచ్‌జెడ్ వచ్చింది. 2005లో 2.6.13 నుంచి పీసీల డిఫాల్ట్ 250 అయింది.

సెకనుకు 1000 టిక్‌లు అనడం తేలికే కానీ ఆ పాత చిప్ అంత కచ్చితంగా ఇవ్వలేదు. 11,93,182ను 1000తో భాగిస్తే 1193.182 వస్తుంది. చిప్‌కు పూర్ణసంఖ్యే ఇవ్వాలి కాబట్టి 1193 ఇస్తారు. అప్పుడు ఒక్కో టిక్ మిల్లీసెకను కంటే కాస్త పొట్టిది. ఈ తేడాను పట్టించుకోకుండా ప్రతి టిక్‌నూ నిండు మిల్లీసెకనుగా లెక్కేస్తే గడియారం రోజుకు 13 సెకన్లు ముందుకు పోతుంది. కెర్నెల్ అసలు విలువను వేరుగా లెక్కగట్టి సరిచేసుకునేది. అలాంటి సవరణలు ప్రతి ఆర్కిటెక్చర్‌కూ వేర్వేరుగా పుట్టుకొచ్చాయి.

జిఫీస్ పొంగిపోవడం ఇంకో చిక్కు. 32 బిట్ మెషీన్ మీద హెచ్‌జెడ్ 100 అయితే 497 రోజులకు, 1000 అయితే 49.7 రోజులకు ఆ లెక్క నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. 64 బిట్ ఆల్ఫాలో ఈ ప్రమాదమే లేదు. రెండు విలువలను నేరుగా పోల్చే తప్పుడు కోడ్ ఆల్ఫా మీద ఎప్పటికీ బాగానే నడుస్తుంది, హెచ్‌జెడ్ 100 ఉన్న పీసీ మీద 497 రోజులకు ఒకసారి తన్నేస్తుంది. పరిష్కారంగా తేడా తీసి దాని గుర్తును చూసే మ్యాక్రోలు ఇచ్చారు. వాటిని అందరూ వాడుతున్నారో లేదో తెలియాలి కదా. అందుకోసం జిఫీస్ ప్రారంభ విలువనే మైనస్ 300 సెకన్లకు పెట్టారు. బూట్ అయిన 5 నిమిషాలకే లెక్క పొంగుతుంది. 497 రోజుల తర్వాత కస్టమర్ దగ్గర బయటపడాల్సిన బగ్ డెవలపర్ టేబుల్ మీదే బయటపడుతుంది. ఇంత తక్కువ కోడ్‌తో ఇంత మేలు చేసిన నిర్ణయం మొత్తం కెర్నెల్‌లో అరుదు.

టిక్‌కూ టిక్‌కూ మధ్య టైమ్ కావాలంటే అసలు కష్టం మొదలవుతుంది. ఆఖరి టిక్ తర్వాత ఎంత గడిచిందో చిప్‌ను అడిగి, ఆ ముక్కను గడియారానికి కలపాలి. చిప్ తన లెక్క తిరగేసుకున్నా దాని ఇంటరప్ట్ ఇంకా కెర్నెల్‌కు అందని క్షణంలో ఎవరైనా టైమ్ అడిగితే, ముందు చెప్పినదానికంటే తక్కువ టైమ్ వస్తుంది. అంటే కాలం వెనక్కి నడిచినట్టు. ఇంటరప్ట్‌లు ఎక్కువసేపు ఆపేసి ఉంచితే కొన్ని టిక్‌లు పోతాయి, గడియారం వెనకబడుతుంది. ప్రతి ఆర్కిటెక్చర్ డైరెక్టరీలోనూ ఈ కోడ్‌కు సొంత కాపీ ఉండేది. ఒకచోట దిద్దిన బగ్ మరోచోట అలాగే మిగిలేది. పోర్టబుల్ అని పిలిచినా నిజానికి అది కాపీల సముదాయం.

టిక్ మీదే ఆధారపడటం ఎంత ఖరీదో ముందుగా గట్టిగా తెలిసింది ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ వాళ్లకు. ఒకే ఎస్390 మెయిన్‌ఫ్రేమ్ మీద వందల లినక్స్ గెస్ట్‌లు, అంటే వర్చువల్ మెషీన్లు, నడుస్తాయి. ఏ పనీ లేని గెస్ట్ కూడా సెకనుకు 100 సార్లు లేచి, టిక్ కొట్టి, మళ్లీ పడుకుంటుంది. అలాంటి గెస్ట్‌లు 200 ఉంటే పని సున్నా, సెకనుకు 20,000 మేల్కొలుపులు. టిక్‌ను తీసేయాలనే ప్యాచ్‌లు 2001లోనే అక్కడి నుంచి వచ్చాయి. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌లకూ తర్వాత సరిగ్గా ఇదే సమస్య ఎదురైంది.

2006, 2007 సంవత్సరాల్లో పాత నిర్మాణం మారింది. కెర్నెల్ డెవలపర్ థామస్ గ్లెయిక్స్‌నర్ హై రిజల్యూషన్ టైమర్ల కోడ్ 2.6.16లో, జాన్ స్టల్ట్జ్ రాసిన క్లాక్‌సోర్స్ నిర్మాణం 2.6.18లో, క్లాక్ ఈవెంట్లు, టిక్ లేకుండా నిద్రపోగల విధానం 2.6.21లో కెర్నెల్‌లో చేరాయి. గోడ గడియారం వేరు, అలారం వేరు. ఆ తేడానే కోడ్‌లోకి తెచ్చారు. క్లాక్‌సోర్స్ అంటే చదవడానికి మాత్రమే ఉన్న, ఆగకుండా పెరిగే ఒక లెక్క. క్లాక్ ఈవెంట్ అంటే ఇంతసేపటికి ఒక ఇంటరప్ట్ ఇవ్వగల పరికరం. ఒకే చిప్ రెండు పనులూ చేయగలిగినా రెండుగానే నమోదు కావాలి. టిక్ పోయినా, ఆలస్యమైనా గడియారం చెడదు. ఎందుకంటే గడియారం ఇప్పుడు టిక్‌లను లెక్కపెట్టడం లేదు.

క్లాక్‌సోర్స్ డ్రైవర్ ఇవ్వాల్సింది ఆశ్చర్యపోయేంత తక్కువ. లెక్క చదివే ఒక ఫంక్షన్, వేగం, ఎన్ని బిట్ల లెక్కో చెప్పే మాస్క్, నాణ్యతను చెప్పే ఒక రేటింగ్, అంతే. మాస్క్ చేసే పని చూడటానికి పీసీల్లోని ఏసీపీఐ పవర్ మేనేజ్‌మెంట్ టైమర్ మంచి ఉదాహరణ. అది సెకనుకు 35,79,545 సార్లు పెరుగుతుంది. ఇదీ ఆ కలర్ టీవీ ఫ్రీక్వెన్సీయే. వెడల్పు 24 బిట్లే కాబట్టి సుమారు 4.7 సెకన్లకోసారి నిండిపోతుంది. నిండడానికి ఇంకా 16 లెక్కలు ఉండగా ఒకసారి చదివి, తిరిగి సున్నా దాటి 16 అయినప్పుడు మళ్లీ చదివారనుకోండి. రెండో విలువలోంచి మొదటిది తీసేసి 24 బిట్ల మాస్క్ వేస్తే, అంటే కింది 24 బిట్లనే ఉంచుకుంటే, 32 వస్తుంది. సరైన జవాబు. పొంగిందా లేదా అని విడిగా చూసే పనే లేదు. 24 బిట్లకైనా 32కైనా 56కైనా అదే ఒక్క లైను.

లెక్కలను నానోసెకన్లలోకి మార్చడంలోనూ పోర్టబిలిటీ సమస్య ఉంది. కెర్నెల్ లోపల ఫ్లోటింగ్ పాయింట్ వాడరు, 32 బిట్ ప్రాసెసర్ల మీద 64 బిట్ భాగహారం చాలా నెమ్మది. అందుకే భాగించకుండా, ఒక సంఖ్యతో గుణించి కొన్ని బిట్లు కుడికి జరుపుతారు. పై టైమర్‌లో ఒక్కో లెక్క 279.365 నానోసెకన్లు. 2,86,070తో గుణించి 10 బిట్లు జరిపితే దాదాపు అదే వస్తుంది. తప్పు రోజుకు 0.04 సెకను. ఎక్కువ బిట్లు జరిపితే కచ్చితత్వం పెరుగుతుంది, కానీ గుణించిన ఫలితం 64 బిట్లను త్వరగా దాటేస్తుంది. ఈ రెంటి మధ్య సరైన జత ఏదో వేగాన్ని బట్టి జనరిక్ కోడే (అన్ని ఆర్కిటెక్చర్లకూ ఉమ్మడిగా ఉన్న కోడే) లెక్కగడుతుంది. నెట్‌వర్క్ ద్వారా టైమ్ సరిచేసే ఎన్‌టీపీ ప్రోటోకాల్ గడియారాన్ని సవరించేటప్పుడు కూడా మారేది ఈ గుణకమే.

ఈ గుణకారం జాగ్రత్తగా చేయకపోతే ఏమవుతుందో ఎక్స్86 (పీసీల ప్రాసెసర్ కుటుంబం) సర్వర్లు చూశాయి. సీపీయూ ఎవరికివ్వాలో నిర్ణయించే షెడ్యూలర్ వాడే వేగమైన గడియారం కోడ్‌లో బూట్ నుంచి గడిచిన మొత్తం సైకిళ్లను గుణించి 10 బిట్లు జరిపేవారు. నానోసెకన్ల విలువ 2 ఘాతం 54 దాటితే గుణకారం 64 బిట్లలో పట్టదు. అది సుమారు 208 రోజులు. ప్రాసెసర్ వేగం ఎంతైనా అంతే. ఎవరూ ముట్టుకోకుండా నెలల తరబడి నడుస్తున్న మెషీన్లలోనే బయటపడే ఈ బగ్‌ను 2011లో గుర్తించి దిద్దారు. క్లాక్‌సోర్స్ కోడ్ మాత్రం మొత్తం సైకిళ్లను కాకుండా ఆఖరిసారి చదివినప్పటి నుంచి ఉన్న తేడానే గుణిస్తుంది. అందుకు ఒక షరతు ఉంది. మెషీన్ ఎంత ఖాళీగా ఉన్నా, ఆ తేడా పట్టలేనంత పెద్దది కాకముందే ఒకసారి లేవాలి. ఆ గరిష్ఠ నిద్రను కూడా మాస్క్, గుణకాల నుంచే లెక్కగడతారు.

అలారం వైపు తేడాలు ఇంకా లోతైనవి. పవర్‌పీసీ అనే ప్రాసెసర్ కుటుంబంలో డిక్రిమెంటర్ అనే రిజిస్టర్ కిందికి లెక్కిస్తూ సున్నా దాటి రుణసంఖ్య కాగానే ఇంటరప్ట్ ఇస్తుంది. అందులో విలువ వేస్తే ఇంటరప్ట్ తప్పిపోయే ప్రశ్న లేదు. మిప్స్ అనే మరో కుటుంబంలో అలా కాదు. కౌంట్ అనే రిజిస్టర్ పెరుగుతూ ఉంటుంది, కంపేర్ అనే రిజిస్టర్‌లో వేసిన విలువతో సరిగ్గా సమానమైతేనే ఇంటరప్ట్. ఇప్పటి లెక్కకు కొంచెం కలిపి కంపేర్‌లో రాసేలోపే కౌంట్ ఆ విలువను దాటేస్తే, మళ్లీ మొత్తం 32 బిట్లు తిరిగి రావాలి. కౌంట్ 200 మెగాహెర్ట్జ్‌తో నడిస్తే అది 21 సెకన్లు. 50 మైక్రోసెకన్ల నిద్ర 21 సెకన్లు అవుతుంది. పీసీల్లోని హెచ్‌పెట్ అనే టైమర్‌కు కూడా ఇదే గుణం. సర్వర్ కాసేపు బిగుసుకుపోయి దానంతటదే లేచే, ఎవరికీ అంతుపట్టని సమస్యల్లో ఈ రకం చాలా టెన్షన్ పెడుతుంది.

జనరిక్ కోడ్ ఈ తేడాను దాచదు, డ్రైవర్‌నే చెప్పమంటుంది. రాసిన తర్వాత కౌంట్‌ను మళ్లీ చదివి, టైమ్ దాటిపోయి ఉంటే డ్రైవర్ ఒక ఎర్రర్ తిరిగివ్వాలి. అప్పుడు జనరిక్ కోడ్ ఇంకొంచెం తర్వాతి టైమ్‌తో మళ్లీ ప్రయత్నిస్తుంది. పవర్‌పీసీ డ్రైవర్ ఆ ఎర్రర్ ఇవ్వాల్సిన అవసరమే రాదు. మిప్స్ డ్రైవర్ తప్పక ఇవ్వాలి. పైనున్న కోడ్‌కు ఇది మిప్స్ అని తెలియనక్కర్లేదు, ఈ పని విఫలం కావచ్చని తెలిస్తే చాలు. ఎక్స్86లో ప్రతి సీపీయూకూ ఉండే లోకల్ ఏపిక్ టైమర్ విషయంలోనూ ఇదే పద్ధతి. పాత మోడళ్లలో ప్రాసెసర్ సీ3 అనే గాఢ నిద్రలోకి వెళ్తే ఆ టైమర్ ఆగిపోతుంది. డ్రైవర్ ఆ లోపాన్ని ఒక ఫ్లాగ్‌గా ప్రకటిస్తుంది. అది చూసి జనరిక్ కోడ్, నిద్రకు ముందు లేపే బాధ్యతను హెచ్‌పెట్ లాంటి నిద్రపోని పరికరానికి అప్పగిస్తుంది. ఆర్మ్ చిప్‌లకు కూడా తర్వాత ఈ ఏర్పాటే పనికొచ్చింది. లోపానికి ఒక పేరు పెట్టి ఇంటర్‌ఫేస్‌లో చోటివ్వడం వల్లే అది సాధ్యమైంది.

రేటింగ్ సంగతి వేరు. పీసీలో సాధారణంగా ప్రాసెసర్ లోపలి లెక్క అయిన టీఎస్‌సీకి 300, హెచ్‌పెట్‌కు 250, ఏసీపీఐ టైమర్‌కు 200, పాత టైమర్ చిప్‌కు 110, జిఫీస్‌కు 1. టీఎస్‌సీ చదవడం అన్నిటికంటే వేగం. కానీ చాలాకాలం అది నమ్మదగ్గది కాదు. ప్రాసెసర్ వేగం మారితే దాని వేగమూ మారేది, కొన్ని నిద్రల్లో ఆగేది, రెండు సాకెట్ల మధ్య విలువలు కలిసేవి కావు. అందుకే కెర్నెల్ దాన్ని వాడుతూనే అరసెకనుకోసారి మరో గడియారంతో పోల్చి చూసే కాపలా పెట్టింది. తేడా హద్దు మీరితే టీఎస్‌సీని పక్కన పెట్టి తర్వాతి రేటింగ్ ఉన్నదానికి మారుతుంది. అప్పుడు టైమ్ చదవడం ఎంతో ఖరీదై, డేటాబేస్ సర్వర్లు ఒక్కసారిగా నెమ్మదిస్తాయి. తప్పు టైమ్ కంటే నెమ్మదే మేలన్న ఈ నిర్ణయం సరైనదే.

ఆర్మ్ కథ ఆలస్యంగా సర్దుకుంది. ఆ ఆర్కిటెక్చర్‌లో మొదట టైమర్ అనేదే లేదు. చిప్ చేసే ప్రతి కంపెనీ తనకు తోచిన టైమర్‌ను పెట్టుకుంది, ఒక్కో చిప్ కుటుంబానికి ఒక్కో డైరెక్టరీ, అందులో సొంత టైమర్ కోడ్. ఇలా పోగుపడుతున్న కోడ్ మీద 2011లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ బహిరంగంగానే మండిపడ్డారు. ఆ తర్వాత టైమర్ డ్రైవర్లు ఆర్కిటెక్చర్ డైరెక్టరీల నుంచి ఒక ఉమ్మడి డ్రైవర్ డైరెక్టరీకి కదిలాయి, ఏ బోర్డులో ఏ టైమర్ ఉందో చెప్పే పని డివైస్ ట్రీ అనే వివరాల ఫైలుకు వెళ్లింది. కార్టెక్స్-ఏ15, ఏ7 తరం నుంచి ఆర్మ్ సంస్థే ఒక జనరిక్ టైమర్‌ను ఆర్కిటెక్చర్‌లో భాగం చేసింది. 64 బిట్ ఆర్మ్ కెర్నెల్‌కు అది తప్పనిసరి.

స్టాండర్డ్ వచ్చినా చిప్ తయారీలో తప్పులు ఆగవు. ఆల్‌విన్నర్ ఏ64 చిప్‌లో కౌంటర్ కింది బిట్లు తిరిగే క్షణంలో చదివితే తప్పు విలువ వచ్చేది. ఒక్కోసారి ముందటి విలువ కంటే కాస్త తక్కువ. ఇక్కడే మాస్క్ లెక్క ఎదురుతిరుగుతుంది. చిన్న రుణసంఖ్యకు 56 బిట్ల మాస్క్ వేస్తే అది దాదాపు 2 ఘాతం 56 అంత పెద్ద తేడాగా మారుతుంది. 24 మెగాహెర్ట్జ్ వేగంతో అంత లెక్క 95 ఏళ్లు. ఆ చిప్ ఉన్న బోర్డుల్లో తేదీ ఉన్నట్టుండి 95 ఏళ్లు ముందుకు దూకడం నిజంగా జరిగింది. 2019లో వచ్చిన సవరణ ప్రకారం, కింది బిట్లన్నీ సున్నాలుగానో ఒకట్లుగానో కనిపిస్తే ఆ విలువను నమ్మకుండా మళ్లీ చదువుతారు. పాత ఇంటెల్ పీఐఐఎక్స్4 చిప్‌సెట్‌లో ఏసీపీఐ టైమర్‌ను మూడుసార్లు చదివి పోల్చాల్సి రావడం కూడా ఇలాంటిదే. ఈ సవరణలన్నీ చదివే ఫంక్షన్ లోపలే ఉండిపోతాయి. పైనున్న టైమ్‌కీపింగ్ కోడ్‌లో ఆల్‌విన్నర్ పేరు ఎక్కడా కనిపించదు.

ఈ నిర్మాణం విలువ రిస్క్-ఫైవ్ అనే కొత్త ఆర్కిటెక్చర్ వచ్చినప్పుడు తెలిసింది. ఐఐటీ మద్రాస్ శక్తి, సీ-డ్యాక్ వేగ ప్రాసెసర్లు ఈ ఆర్కిటెక్చర్ మీద కట్టినవే. ఇందులో టైమ్ చదవడానికి ఒక ఇన్‌స్ట్రక్షన్ ఉంది. అలారం పెట్టాలంటే మాత్రం మొదట్లో కెర్నెల్‌కు అధికారం లేదు, కింద ఉన్న ఫర్మ్‌వేర్‌ను అడగాలి. తర్వాత వచ్చిన ఒక ఎక్స్‌టెన్షన్‌తో కెర్నెలే నేరుగా రిజిస్టర్‌లో రాయగలుగుతోంది. రెండు పద్ధతులూ ఒకే చిన్న డ్రైవర్‌లో ఇమిడిపోయాయి. టిక్ లేని నిద్ర, నానోసెకన్ల టైమర్లు, ఎన్‌టీపీ సవరణ అన్నీ దానికి అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. ఆల్ఫా పోర్ట్ రోజుల్లో ఇవేవీ ఊహకైనా అందేవి కావు.

ఒక్క విషయంలో మాత్రం జనరిక్ కోడ్ ఇప్పటికీ నమ్మకం మీదే నడుస్తుంది. అది వేగం. రిస్క్-ఫైవ్‌లో కౌంటర్ సెకనుకు ఎంత పెరుగుతుందో డివైస్ ట్రీలో రాసి ఇవ్వాలి. ఆర్మ్‌లో ఫర్మ్‌వేర్ ఒక రిజిస్టర్‌లో రాసి పెడుతుంది, ఆ రిజిస్టర్ హార్డ్‌వేర్‌ను కొలిచి చెప్పేది కాదు. అసలు కౌంటర్ 12 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంటే అక్కడ 24 అని రాసి ఉందనుకోండి. మాస్క్ సరిగానే ఉంటుంది, ఇంటరప్ట్‌లు వస్తాయి, బూట్ పూర్తవుతుంది. 10 సెకన్ల స్లీప్ మాత్రం 20 సెకన్లు పడుతుంది, గడియారం సగం వేగంతో నడుస్తుంది. బోర్డు మీద పోల్చడానికి రెండో గడియారం లేకపోతే ఈ తప్పును కెర్నెల్ కనిపెట్టలేదు. బోర్డు ముందు కూర్చున్న మనిషి చేతి వాచీ చూసి కనిపెట్టాల్సిందే.